వ్రాసిన మాటకు కట్టుబడిన బడిపంతులు – కందుకూరి వీరేశలింగం

ఆత్మకథ అనే ప్రక్రియ తెలుగువారికి ఇంకా కొత్తగా ఉన్న రోజులలో, అరవై ఏళ్లు దాటిన ఒక విశ్రాంత తెలుగు పండితుడు తన జీవితాన్ని తానే గ్రంథస్థం చేశారు. ‘స్వీయచరిత్రము’ అనే ఆ గ్రంథం మొదటి భాగం 1911లోను, రెండవ భాగం 1915లోను వెలువడింది. ఒక మనిషి తన అంతరంగంతోను, తన కుటుంబంతోను, తన ఊరితోను పడిన సంఘర్షణను, ఆ సంఘర్షణలో తాను మారిన తీరును దాపరికం లేకుండా చెప్పిన తెలుగు పుస్తకాలలో దానికి అగ్రస్థానం ఉంది. దాని కర్త కందుకూరి వీరేశలింగం పంతులుగారు. యుగకర్త, గద్య తిక్కన, దక్షిణదేశ విద్యాసాగరుడు అంటూ తెలుగుజాతి ఆయనకు ఎన్నో బిరుదులు ఇచ్చుకున్నది. అయినా ఆయన జీవితాన్ని దగ్గరగా పరిశీలించిన వారికి మొదట కనిపించేది ఒక బడిపంతులు. తాను పిల్లలకు ఏది చెప్పాడో, పత్రికలో ఏది వ్రాశాడో, దానిని తన ఇంటి గడపలోపల ఆచరించవలసి వచ్చినప్పుడు వెనుదిరగని బడిపంతులు.

బాల్యం – నమ్మకాలు

వీరేశలింగంగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో పున్నమ్మ, సుబ్బారాయుడు దంపతులకు జన్మించారు. ఆరు నెలల పసివయస్సులోనే మశూచికం సోకింది. నాలుగేళ్లకే తండ్రి గతించారు. పెదతండ్రి పినతండ్రుల పిల్లలమధ్య తేడాలు పాటించని ఉమ్మడి కుటుంబం కావడంవల్ల, సుబ్బారాయుడుగారి సోదరుడు వెంకటరత్నంగారు ఆ బాలుణ్ణి సొంత బిడ్డగా పెంచారు. చిన్ననాటినుంచి బలహీనమైన శరీరం. దగ్గు, ఉబ్బసం ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు. తరువాతి కాలంలో ఊరినంతటినీ ఎదిరించి నిలిచిన మనిషి నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడే రోగిష్టి అన్న సంగతి గుర్తుంచుకోదగినది.

వీధిబడిలో చదువు మొదలైంది. బాలరామాయణం, అమరం, ఆంధ్రనామసంగ్రహం, శతకాలు కంఠస్థమయ్యాయి. పన్నెండేళ్ల వయస్సులో ఇంగ్లీషు పాఠశాలలో చేరారు. 1861లో, నాటి ఆచారం ప్రకారం, బాల్యంలోనే వివాహం జరిగింది. వధువు బాపమ్మ. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి అని పేరు పెట్టారు.

ఆయన పెరిగిన ఇల్లు సాధారణమైన సనాతన గృహం. శకునాలు, ముహూర్తాలు, దయ్యాలు, భూతవైద్యులు అందరి ఇళ్లలో ఉన్నట్లే ఆ ఇంట్లోనూ ఉండేవి. బాలుడు వాటినన్నిటినీ నమ్మాడు. చదువుకునే రోజులలో బ్రాహ్మసమాజ నాయకుడు కేశవచంద్రసేనుని పుస్తకాలు చేతికందడంతో ఆలోచన మొదలైంది. విగ్రహారాధనమీద, పూజావిధులమీద నమ్మకం క్రమంగా సడలింది. అయితే చిన్ననాటినుంచి ఎముకలలో ఇంకిపోయిన భయం ఒక పుస్తకం చదివినంతమాత్రాన పోదు. అందుకని ఆయన తననే పరీక్షకు పెట్టుకున్నారు. దయ్యాలు లేవని నలుగురికీ నిరూపించడానికి అర్ధరాత్రివేళ శ్మశానానికి వెళ్లి వచ్చేవారు. ముందు తన భయాన్ని తాను జయించి, ఆ తరువాతనే ఇతరుల భయాన్ని ప్రశ్నించడం ఆయన పద్ధతి అయింది.

వృత్తి ఎంపిక

1867లో వెంకటరత్నంగారు మరణించడంతో కుటుంబ భారం పందొమ్మిదేళ్ల యువకునిమీద పడింది. ప్రభుత్వోద్యోగంకోసం ప్రయత్నించారు. లంచం ఇవ్వనిదే ఆ ఉద్యోగం దొరకదని తెలిసి ఆ ప్రయత్నం మానుకున్నారు. న్యాయవాద వృత్తి చేపట్టాలని తలచారు. అందులో అసత్యమాడక తప్పదని గ్రహించి అదీ వదులుకున్నారు. చివరకు అతి తక్కువ జీతం, అతి తక్కువ పలుకుబడి గల ఉపాధ్యాయ వృత్తిని ఎంచుకున్నారు.

యానాంకు కూతవేటు దూరంలోని కోరంగి పాఠశాలలో ఆయన కొంతకాలం పనిచేశారు. ఓడల రాకపోకలతో పేరుపొందిన రేవుపట్టణం అది. ఆ తరువాత ధవళేశ్వరం ఆంగ్ల పాఠశాలకు ప్రధానోపాధ్యాయులయ్యారు. గోదావరికి ఆనకట్ట కట్టిన ఆ ఊరిలోనే ఆయన ప్రజాజీవితం ఆరంభమయింది.

1874వ సంవత్సరంలో అక్కడ ఆయన రెండు పనులు చేశారు. ఒకటి బాలికలకోసం పాఠశాల స్థాపించడం. రెండవది ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించడం. ఆడపిల్లకు అక్షరాలు నేర్పితే వైధవ్యం ప్రాప్తిస్తుందని నమ్మే ఇళ్లున్న కాలంలో ఆడపిల్లల బడి పెట్టడం ఊరి నోట పడడమే. ఆ తరువాత ఆయన నడిపిన బడులలో అణగారిన కులాల పిల్లలను తక్కిన పిల్లలతో కలిపి కూర్చుండబెట్టారు. వారికి పుస్తకాలు, పలకలు ఉచితంగా ఇచ్చారు.

కలం చేసిన పని

వివేకవర్ధని మొదట మద్రాసులో అచ్చయ్యేది. అనంతరం రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయం ఏర్పడింది. ఆ పత్రికలో పంతులుగారు కన్యాశుల్కాన్ని, బాల్యవివాహాలను, వేశ్యాలోలత్వాన్ని, మూఢాచారాలను దుయ్యబట్టారు. లంచగొండులైన న్యాయాధికారులను, కక్షిదారులను దోచుకునే వకీళ్లను పేరు తెలిసేటట్లు ఎండగట్టారు. స్త్రీవిద్య విషయంలో కొక్కొండ వేంకటరత్నం పంతులుగారితో సాగిన వాదోపవాదాలు నాటి సాహిత్యలోకానికి పెద్ద వినోదం. కొక్కొండవారి ‘హాస్యవర్ధని’కి పోటీగా వీరేశలింగంగారు ‘హాస్యసంజీవని’ ప్రారంభించారు. ముసలివానికి పసిపిల్లను కట్టబెట్టే దురాచారంమీద వ్రాసిన ‘బ్రాహ్మవివాహము’ అనే ప్రహసనం పెద్దయ్యగారి పెళ్లిగా ప్రసిద్ధికెక్కింది. న్యాయస్థానాల అవినీతిని ఎత్తిచూపిన ‘వ్యవహార ధర్మబోధిని’ని విద్యార్థులచేత 1880లో ప్రదర్శింపజేశారు. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకోవడం ఈ కృషికి గుర్తింపే.

రచయితగా ఆయనలో వచ్చిన మార్పు కూడా గమనింపదగినది. యౌవనంలో ఆయన పండితుల మెప్పుకోసం ‘శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము’ అనే కావ్యం వ్రాశారు. సంస్కృత పదం లేకుండా, పెదవులు కలిపి పలికే అక్షరం రాకుండా, మధ్యలో వచనం చేర్చకుండా నలచరిత్ర చెప్పడం అందులోని విద్య. అటువంటి రచనవల్ల కవికి కీర్తి రావచ్చునే తప్ప చదువరి జీవితానికి ఒరిగేది లేదని ఆయనకు తోచింది. ఆ మార్గం విడిచి తేటయైన వచనాన్ని చేపట్టారు. పరవస్తు చిన్నయసూరి మిత్రలాభ మిత్రభేదాలతో ఆపిన నీతిచంద్రికకు సంధి, విగ్రహ భాగాలు వ్రాసిన చేయే క్రమంగా సులభశైలికి అలవాటు పడింది.

ఆ వచనానికి ఫలితం ‘రాజశేఖర చరిత్రము’. 1878లో వివేకవర్ధనిలో ప్రకటన ప్రారంభమై, 1880లో పుస్తకంగా వచ్చిన ఈ నవల గోల్డ్‌స్మిత్ వ్రాసిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రేరణతో పుట్టింది. కథ మాత్రం ధవళేశ్వరపు గాలి పీల్చుకున్నది. సంపన్నుడైన రాజశేఖరుడు ముఖస్తుతికి లొంగి, జ్యోతిష్కులను, బంగారం చేసి ఇస్తానన్న బైరాగిని నమ్మి సర్వస్వం పోగొట్టుకుంటాడు. కుటుంబంతో దేశాల పాలై, కష్టాలు అనుభవించి, బుద్ధి తెచ్చుకుని తిరిగి నిలదొక్కుకుంటాడు. ఒక గృహస్థు తన తెలివితక్కువతనంవల్ల పతనమై, అనుభవంవల్ల మారడం తెలుగు వచనంలో కథావస్తువు కావడం నాటికి కొత్త. ఈ నవలను హచిన్‌సన్ అనే ఆంగ్లేయుడు అనువదించగా 1887లో లండనులో ప్రచురితమైంది.

1881 డిసెంబరు

వ్రాతలవరకు ఊరు ఓర్చుకున్నది. వితంతు వివాహాలను శాసనం 1856లోనే అంగీకరించినా, పాతికేళ్లు గడిచినా గోదావరి తీరంలో ఆ శాసనం కాగితంమీదనే ఉండిపోయింది. అయిదారేళ్లకు పెళ్లి జరిగి, భర్త ముఖమైనా ఎరుగకముందే వైధవ్యం ప్రాప్తించిన పిల్లలు ఇంటింటా ఉండేవారు. 1879 ఆగస్టు 3న పంతులుగారు వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని మొదటి ఉపన్యాసం ఇచ్చారు. అక్టోబరు 12న రెండవ ఉపన్యాసం. పండితులు సభలు చేసి ఖండించారు. ఆయన శాస్త్రవాక్యాలతోనే సమాధానం చెప్పారు. అప్పటికే 1878లో సంఘసంస్కరణ సమాజం, ప్రార్థన సమాజం ఆయన పూనికతో ఏర్పడి ఉన్నాయి.

ఉపన్యాసం ఇవ్వడం ఒక ఎత్తు. పెళ్లికూతురినీ పెళ్లికుమారునీ పీటలమీద కూర్చుండబెట్టడం మరొక ఎత్తు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయానికి ముందుకు వచ్చారు. ఆత్మూరి లక్ష్మీనరసింహంగారు, బసవరాజు గవర్రాజుగారు వంటి మిత్రులు అండగా నిలిచారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో, పంతులుగారి ఇంట్లోనే, గోగులపాటి శ్రీరాములు అనే యువకునికి ఒక బాలవితంతువుతో వివాహం జరిగింది. ఊరంతా అట్టుడికిపోయింది. అల్లరి జరగకుండా పోలీసులు కాపలా కాశారు. విద్యార్థులు గుంపులుగా వచ్చి తమ పంతులుగారి ఇంటికి రక్షగా నిలబడ్డారు. నాలుగు రోజులు తిరగకముందే రెండవ వివాహం కూడా జరిగింది.

తరువాత వచ్చినది బహిష్కారం. పురోహితులు రారు, బంధువులు ఇంట భోజనం చేయరు, శుభానికి, అశుభానికి పిలుపు లేదు. పెళ్లి విందులో పాల్గొన్నవారిలో కొందరు ఒత్తిడికి తాళలేక ప్రాయశ్చిత్తం చేసుకుని కులంలో కలిశారు. వారిని నిందించడం తేలిక. ఇంట్లో పెళ్లి కావలసిన పిల్లలు, జరపవలసిన పితృకార్యాలు ఉన్న గృహస్థుకు నాటి సమాజంలో వెలి అంటే బ్రతికి ఉండగానే చావు. ఆ భయం తెలిసి కూడా నిలబడినవారు కొద్దిమందే. పంతులుగారు ప్రాయశ్చిత్తం చేసుకోలేదు. జీవితకాలంలో సుమారు నలభై వితంతు వివాహాలు జరిపించారు.

రాజ్యలక్ష్మమ్మగారు

ఈ ధైర్యానికి మూల్యం చెల్లించినది ఆయన ఒక్కరే అనుకోవడం న్యాయం కాదు. బహిష్కారం వీధిలో నడిచే మగవానికంటె వంటింట్లో మసలే ఆడదానిని ఎక్కువగా బాధిస్తుంది. వంటవారు మానుకున్నారు, నీళ్లు తెచ్చేవారు మానుకున్నారు. రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసి, పెళ్లివారందరికీ వండి వడ్డించారు. భర్తను విడిచి పుట్టింటివైపు రమ్మని బంధువులు ఒత్తిడి చేసినా ఆమె కదలలేదు. చదువు భర్తవద్ద నేర్చుకున్నారు. ఆశ్రయం వెతుక్కుంటూ వచ్చిన బాలవితంతువులకు పురుళ్లు, పెళ్లిళ్లు, అలకలు, అనారోగ్యాలు అన్నీ ఆమె చేతులమీదుగానే గడిచాయి. ఆ దంపతులకు సంతానం లేదు. అయినా ఆ ఇల్లు ఎన్నడూ పిల్లలు లేని ఇల్లుగా ఉండలేదు. 1910లో ఆమె మరణించారు. మరుసటి ఏడాదే స్వీయచరిత్రము మొదటి భాగం వెలువడింది. సంఘసంస్కరణ చరిత్రలో ఒక్క పేరు వ్రాసినచోట రెండు పేర్లు వ్రాయవలసి ఉంటుందని ఆ గ్రంథం చదివిన ప్రతివారూ ఒప్పుకుంటారు.

మద్రాసు – హితకారిణి

రాజమహేంద్రవర కళాశాలలో తెలుగు పండితులుగా చాలా ఏళ్లు పనిచేసిన పంతులుగారు 1890వ దశకం చివర మద్రాసుకు తరలివెళ్లారు. తన చింతామణి ముద్రణాలయాన్ని కూడా వెంట తీసుకుపోయారు. అక్కడ వితంతు శరణాలయం నడిపారు. కొంతకాలం ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. 1898లో మద్రాసులో జరిగిన అఖిల భారత సంఘసంస్కరణ మహాసభకు అధ్యక్షత వహించారు. 1893లోనే ప్రభుత్వం రావుబహద్దూర్ బిరుదు ఇచ్చింది. వెలివేసిన ఊరివారే తరువాత ఆయన నిర్మించిన పురమందిరంలో సభలు జరుపుకున్నారు. 1890లో కట్టిన ఆ మందిరం రాజమహేంద్రవరంలో ప్రజల సమావేశాలకు నెలవయింది.

1906లో ఆయన హితకారిణీ సమాజాన్ని స్థాపించి, తన యావదాస్తిని, పుస్తకాలమీద వచ్చే ఆదాయాన్ని విద్యాసంస్థలకు, వితంతు శరణాలయానికి ధారపోశారు. ఆ కాలంలోనే బ్రాహ్మధర్మాన్ని పూర్తిగా స్వీకరించి యజ్ఞోపవీతాన్ని విసర్జించారు. ఎన్నో ఏళ్లుగా మనస్సులో తెగిపోయిన దారాన్ని యాభై ఎనిమిదవ ఏట భుజంమీదనుంచి కూడా తీసివేశారు. కేశవచంద్రసేనుని పుస్తకం చదివిన కుర్రవాడు ఆ చోటికి చేరుకోవడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. మనిషి మారడం ఒక్క రాత్రిలో జరిగే పని కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

చివరి మార్పు

‘ఆంధ్రకవుల చరిత్రము’తో తెలుగు సాహిత్యచరిత్రకు పునాది వేసిన పంతులుగారు జీవితమంతా గ్రాంథిక భాషలోనే వ్రాశారు. ప్రహసనాలలో పాత్రలచేత వాడుకమాటలు పలికించినా, తన సొంత వచనాన్ని వ్యాకరణం దాటనీయలేదు. ఇంతలో నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషకోసం ఉద్యమం లేవదీశారు. పండితులు రెండు శిబిరాలుగా చీలిపోయారు. వీరేశలింగంగారి వయస్సు, ప్రతిష్ఠ, అప్పటికి వెలువడిన గ్రంథరాశి అన్నీ ఆయనను గ్రాంథికం వైపే నిలుపుతాయని లోకం భావించడం సహజం. కాని 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షులుగా ఉండడానికి డెబ్బై ఏళ్ల వీరేశలింగంగారు అంగీకరించారు. తాను జీవితకాలం వ్రాసిన భాషకు ఎదురుగా నిలిచిన వాదంలో న్యాయం ఉన్నదని ఒప్పుకోవడం శ్మశానానికి ఒంటరిగా వెళ్లడంకంటె చిన్న సాహసం కాదు. మూడు నెలలు గడిచీ గడవకముందే, 1919 మే 27న, మద్రాసులో ఆయన కన్నుమూశారు.

స్వీయచరిత్రము – దాని విలువ

పంతులుగారిలో లోపాలు లేవనరాదు. వాదంలో ఆయన కలం ఒక్కొక్కప్పుడు హద్దు మీరేది. వితంతు వివాహోద్యమం అగ్రవర్ణాల ఇళ్ల పరిధి దాటి ఎక్కువ దూరం పోలేదు. స్త్రీవిద్యను సమర్థించినా, ఆ విద్య ముఖ్యంగా మంచి గృహిణిని తీర్చిదిద్దడానికేనని ఆయన భావించిన సందర్భాలు ‘సతీహితబోధిని’ వంటి పత్రికలలో కనిపిస్తాయి. తరువాతి తరాలు ఆయనను ఈ విషయాలలో ప్రశ్నించాయి. ప్రశ్నించే అలవాటును తెలుగువారికి నేర్పినవారిలో ఆయనే మొదటివారు కనుక, ఆ ప్రశ్నలు కూడా ఒక విధంగా ఆయన నాటిన విత్తనాలనుంచి మొలిచినవే.

స్వీయచరిత్రము చదివేవారికి మొదట కొంత నిరాశ కలగవచ్చు. అందులో ఉత్తేజపరిచే ఉపన్యాసాలకంటె ఇచ్చిన రూకల లెక్కలు, వచ్చిన ఉత్తరాలు, మాట ఇచ్చి తప్పినవారి వివరాలు ఎక్కువ. పెళ్లిళ్లు చేసిన తరువాత ఆ దంపతులను పోషించడం, వారికి ఉద్యోగాలు వెతకడం, సహాయం పొందినవారే ఎదురు తిరిగితే ఓర్చుకోవడం వంటి సంగతులు విస్తారంగా ఉంటాయి. ఓపికతో ముందుకు సాగితే ఆ పుస్తకం గొప్పతనం అక్కడే ఉన్నదని బోధపడుతుంది. ధైర్యమనేది ఒక్క రోజున పెళ్లిపందిట్లో నిలబడడంతో ముగిసిపోయే సంగతి కాదని, మరునాటి పప్పు బియ్యాల లెక్కలో కూడా దానిని నిలుపుకోవలసి ఉంటుందని ఆ పేజీలు చెబుతాయి. తాను చిన్ననాడు నమ్మిన మూఢవిశ్వాసాలను కూడా ఆయన దాచుకోలేదు. పుట్టుకతోనే జ్ఞానిగా తనను చిత్రించుకుని ఉంటే ఆ గ్రంథం ఎవరికీ ఉపయోగపడేది కాదు.

1974లో భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలాబిళ్ల విడుదల చేసింది. రాజమహేంద్రవరంలో ఆయన పుట్టిన ఇల్లు స్మారక మందిరంగా నిలిచి ఉంది. తెలుగునాట ఆయన పేరు పెట్టుకున్న పాఠశాలలు, కళాశాలలు, గ్రంథాలయాలు అనేకం. వాటన్నిటికంటె, కోరంగిలోను ధవళేశ్వరంలోను చిన్న జీతానికి పాఠాలు చెప్పిన ఆ ఉపాధ్యాయుని చుట్టూ, 1881 డిసెంబరు రాత్రి కాపలాగా నిలిచిన విద్యార్థులే ఆయనకు దక్కిన అసలైన గౌరవం. తెలుగు అక్షరం నేర్పే ప్రతి బడిలోను, అది ఏ రాష్ట్రంలో ఉన్నా, ఆయన స్వీయచరిత్రము ఒక ప్రతి గ్రంథాలయపు అరలో ఉండడం సముచితం. ఆ పుస్తకాన్ని అందుకునే వయస్సు వచ్చిన పిల్లలకు దానిని చేతికిచ్చే పెద్దలు కూడా ఉండాలి.